శివారు ప్రయాణంలో చిక్కంతా రెండు కొసల్లోనే

శివార్లలో ఉండేవాళ్లను ఆఫీసు ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లలో జవాబు రాదు. "గంట పడుతుంది", "ట్రాఫిక్ లేకపోతే నలభై నిమిషాలు", "ఏడున్నరకి బయల్దేరితే పర్లేదు, ఎనిమిది దాటిందా ఇక అంతే" అంటారు. వాళ్ల లెక్కే సరైన లెక్క. రోజూ పనికి వెళ్లొచ్చేవాళ్లకు దూరంతో పనిలేదు. ఇంటికి తాళం వేసినప్పటి నుంచి ఆఫీసులో కుర్చీలో కూర్చునే దాకా పట్టే సమయంతోనే పని. అయితే రవాణా పేరిట జరిగే ఖర్చులు, చర్చలు, శంకుస్థాపనలు చాలావరకు ఆ ప్రయాణం మధ్యభాగం చుట్టూనే తిరుగుతాయి. ఫ్లైఓవర్ కావాలి, రోడ్డు వెడల్పు చేయాలి, కొత్త రైలు మార్గం వేయాలి. శివారువాసులు కారు తీస్తారా, బస్సెక్కుతారా అన్నది మాత్రం ఎక్కువసార్లు ఆ మధ్యభాగంలో తేలదు. ఇంటి నుంచి స్టాపుకు వెళ్లే మొదటి కిలోమీటరులో తేలుతుంది, దిగాక నడవాల్సిన చివరి కిలోమీటరులో తేలుతుంది, ఆ రెంటి నడుమ నిలబడి ఎదురుచూసే నిమిషాల్లో తేలుతుంది.

అసలు శివారు ఎలా పుట్టిందో చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. 1970లలో యాకోవ్ జహావీ అనే రవాణా నిపుణుడు వేర్వేరు నగరాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాడు. జనం ప్రయాణానికి రోజూ వెచ్చించే సమయం సగటున అన్నిచోట్లా ఇంచుమించు ఒకేలా ఉందని గమనించాడు. 1994లో ఇటలీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి ఆ ఆలోచననే చరిత్ర అంతటికీ వర్తింపజేశాడు. రోజుకు రానూపోనూ కలిపి సుమారు గంట, అదీ ఆయన లెక్క. మనిషి గంటకు ఐదు కిలోమీటర్లు నడుస్తాడు కాబట్టి, పాతకాలపు నగరాలు మధ్య నుంచి అంచుకు రెండున్నర కిలోమీటర్లు దాటి పెద్దగా పెరగలేదు. ట్రాములు, రైళ్లు, కార్లు వచ్చాక వేగం పెరిగింది. మిగిలిన సమయాన్ని జనం ఇంట్లో విశ్రాంతికి వాడుకోలేదు, ఇంకా దూరం వెళ్లి ఇళ్లు కట్టుకున్నారు. ఇది సగటు మాత్రమే. ఒక్కో వైపుకే రెండు గంటలు పోగొట్టుకునేవాళ్లకు ఈ సగటు చెబితే నవ్వు కాదు, ఒళ్లుమంట వస్తుంది.

అంటే రవాణా శివారును కలపడమే కాదు, శివారును పుట్టించింది కూడా. లండన్‌లో 1863లో మొదలైన మెట్రోపాలిటన్ రైల్వే ప్రపంచంలో మొట్టమొదటి భూగర్భ ప్రయాణికుల రైలు. తర్వాత అది ఊరి బయటి పొలాల్లోకి సాగింది. తన మార్గం వెంబడి మిగిలిన భూముల్లో ఇళ్లు వేయించి అమ్ముకుంది. ఆ ప్రాంతానికి 1915లో 'మెట్రోలాండ్' అని పేరు పెట్టి ప్రచారమూ చేసింది. జపాన్‌లో ఒసాకా దగ్గర కొబయాషి ఇచిజో ఇంకా తెలివిగా ఆలోచించాడు. 1910లో రైలు మార్గం మొదలుపెట్టిన ఏడాదే దాని పక్కన ఇళ్ల స్థలాలు వాయిదాల మీద అమ్మాడు. తర్వాత ఊరి బయటి కొసన వినోద కేంద్రాలు పెట్టాడు, నగరం వైపు కొసన 1929లో డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచాడు. శివారు రైలుకు ఎప్పుడూ ఉండే తంటా ఒకటుంది. పొద్దున నగరం వైపు కిక్కిరిసి వెళ్తుంది, తిరుగు దారిలో ఖాళీగా పరుగెడుతుంది. సెలవు రోజుల్లో రెండు వైపులా ఖాళీయే. రెండు కొసల్లోనూ జనానికి పని కల్పించి ఆ ఖాళీలను నింపిన ఆ పద్ధతిని జపాన్‌లో మిగతా ప్రైవేటు రైల్వేలూ అందుకున్నాయి.

అమెరికాలో కథ వేరే దారిలో నడిచింది. 1947లో న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ వంటి కాలనీలు, 1956 చట్టంతో దేశమంతా సుమారు 66,000 కిలోమీటర్ల హైవేల ప్రణాళిక. రైలు కట్టిన శివారులో ఇళ్లన్నీ స్టేషన్‌కు నడిచి వెళ్లగల దూరంలో గుత్తిగా ఉంటాయి. రోడ్డు కట్టిన శివారులో ఇళ్లు పలచగా పరుచుకుని ఉంటాయి, వీధులు మెలికలు తిరిగి ఎక్కడో ఒకచోట మూసుకుపోతాయి. అలాంటి కాలనీలో ఇంటి వెనకగోడకు అవతలే బస్టాపు ఉన్నా, గేటు ఉన్న వైపు నుంచి చుట్టూ తిరిగి రావడానికి పావుగంట పట్టొచ్చు. మ్యాపులో స్టాపు చుట్టూ వృత్తం గీసి "ఇంతమందికి బస్సు అందుబాటులో ఉంది" అని చెప్పే నివేదికల్లో ఈ చుట్టుతిరుగుడు కనిపించదు.

నిమిషాల లెక్క

ఊహకు ఒక ప్రయాణం తీసుకుందాం. ఇరవై కిలోమీటర్లు. ఇంటి నుంచి స్టేషన్‌కు నడక 14 నిమిషాలు, ప్లాట్‌ఫాం మీద ఎదురుచూపు 8, రైల్లో 28, దిగాక ఆఫీసుకు నడక 12. మొత్తం 62 నిమిషాలు. అదే కారులో అయితే రద్దీ వేళ 55 నిమిషాలు. తేడా ఏడు నిమిషాలే కదా, రైలెందుకు ఎక్కరు అనిపిస్తుంది. అయితే మనిషికి అన్ని నిమిషాలూ ఒకే బరువుండవు. రవాణా ప్రణాళికలు వేసేవాళ్లు నడక, ఎదురుచూపు నిమిషాలను బండిలో కూర్చున్న నిమిషాలకు సుమారు రెట్టింపుగా లెక్కగడతారు. ఆ లెక్కన రైలు ప్రయాణం 28 కాక మరో 68, అంటే 96 నిమిషాలంత బరువుగా తోస్తుంది. కారుది 55 దగ్గరే ఆగుతుంది. మధ్యలో రైలు మారాల్సి వస్తే దానికి మళ్లీ విడిగా ఓ భారం కలుపుతారు. మెట్లెక్కి దిగడం, అవతలి రైలు అప్పుడే వెళ్లిపోయిందేమోనన్న టెన్షన్, ఇవన్నీ గడియారంలో లేకపోయినా మనసులో ఉంటాయి.

ఇప్పుడు దీన్ని బాగుచేయాలంటే ఎక్కడ చెయ్యి పెట్టాలి? కోట్లు పోసి పట్టాలు, సిగ్నళ్లు మార్చి రైలు వేగం ఇరవై శాతం పెంచితే ఆ 28 నిమిషాల్లో అయిదు నిమిషాలు కూడా తగ్గవు. రైళ్ల సంఖ్య రెట్టింపు చేసి ఎదురుచూపును ఎనిమిది నుంచి నాలుగుకు దించితే తోచే భారం ఎనిమిది తగ్గుతుంది. కాలనీ వెనకగోడకు ఒక చిన్న గేటు పెట్టి 14 నిమిషాల నడకను ఆరు చేస్తే పదహారు తగ్గుతుంది. గోడకు గేటు పెట్టడానికి శంకుస్థాపన ఉండదు, బహుశా అందుకే అది జరగదు.

వీటిలో ఎదురుచూపు సంగతి కాస్త నిదానంగా చూడాలి. పది నిమిషాలకొక బస్సు సరిగ్గా వస్తే, ఎప్పుడో ఒకప్పుడు స్టాపుకు చేరినవాళ్లు సగటున ఐదు నిమిషాలు ఆగుతారు. అవే బస్సులు రెండేసి కలిసి ఇరవై నిమిషాలకోసారి వస్తే సగటు ఎదురుచూపు పది నిమిషాలవుతుంది. గంటకు ఆరు బస్సులు అటూ నడిచాయి, ఇటూ నడిచాయి. డిపో రికార్డులో ఏ తేడా లేదు, స్టాపులో నిలబడ్డవాళ్లకు మాత్రం సర్వీసు సగమైపోయింది. "గంటసేపు ఒక్కటీ రాదు, వస్తే మూడు కట్టగట్టుకుని వస్తాయి" అని జనం విసుక్కోవడంలో అతిశయోక్తి కొంతే.

ఇది డ్రైవర్ల నిర్లక్ష్యం వల్ల జరిగేది కాదు. ముందు బస్సు ఒక సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆలస్యమైందనుకుందాం. తర్వాతి స్టాపులో ఈ రెండు నిమిషాల్లో మరో నలుగురు చేరతారు. వాళ్లను ఎక్కించుకోవడానికి ఇంకాస్త ఆలస్యం. ఆ పై స్టాపులో ఇంకా ఎక్కువ మంది. వెనక వచ్చే బస్సుకు ఎక్కేవాళ్లు తక్కువ కాబట్టి అది చకచకా వచ్చి ముందుదాన్ని పట్టేసుకుంటుంది. ముందుది కిక్కిరిసి, వెనకది ఖాళీగా, రెండూ ఒకదాని వెనక ఒకటి మిగతా దారంతా నడుస్తాయి. 1964లోనే న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని గణితంగా చూపించారు. రూటు ఎంత పొడవైతే ఈ జబ్బు అంత ముదురుతుంది. శివారు రూట్లన్నీ పొడవైనవే. విరుగుడు లేకపోలేదు. అన్ని తలుపుల్లోంచీ ఎక్కనివ్వడం, టికెట్టు బస్సెక్కకముందే తీసుకునేలా చేయడం, తొందరగా వచ్చిన బస్సును మధ్యలో ఒకచోట కాసేపు ఆపడం. ఈ మూడోది ఆ బస్సులో కూర్చున్నవాళ్లకు అస్సలు నచ్చదు.

సగటు కన్నా ఎక్కువ బాధించేది అనిశ్చితి. మామూలుగా నలభై నిమిషాల్లో చేరే దారి వారంలో ఒకరోజు డెబ్బై నిమిషాలు తీసుకుంటే, ఏ రోజు ఆ రోజో తెలియదు కాబట్టి రోజూ డెబ్బై నిమిషాల ముందే బయల్దేరాలి. మిగతా నాలుగు రోజులూ ఆ అరగంట ఆఫీసు కింద టీ తాగుతూ గడిచిపోతుంది. షిఫ్టుకు పది నిమిషాలు ఆలస్యమైతే జీతం కోసే చోట పనిచేసేవాళ్లకు ఇది తప్పదు. వేళలు సడలించుకోగల పై ఉద్యోగులకు ఈ లెక్కే అక్కర్లేదు. ఒకే రోడ్డు మీద ఒకే జామ్‌లో ఇరుక్కున్నా ఇద్దరి నష్టమూ ఒకటి కాదు.

రోడ్డు వెడల్పు చేస్తే?

ప్రతి శివారులోనూ వినిపించే డిమాండ్ ఇది. కళ్లముందు జామ్ కనిపిస్తుంటే ఇంకో రెండు లేన్లు వేయమనడం సహజమే. 1962లోనే ఆంథొనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త అదెందుకు కుదరదో చెప్పాడు. రోడ్డు ఖాళీ అవగానే, ఇన్నాళ్లూ రద్దీకి భయపడి ముందుగానో ఆలస్యంగానో బయల్దేరినవాళ్లు, వేరే దారిన పోయినవాళ్లు, రైలెక్కినవాళ్లు మళ్లీ అదే వేళకు అదే రోడ్డెక్కుతారు. 2011లో డ్యూరంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలతో దీన్ని పరీక్షించారు. హైవే లేన్లు ఎంత శాతం పెరిగితే వాటి మీద వాహనాలు తిరిగే దూరమూ ఇంచుమించు అంత శాతమే పెరిగిందని తేలింది. హ్యూస్టన్‌లోని కేటీ ఫ్రీవేను 2008 నాటికి విస్తరించారు. పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్లయింది. కొద్ది ఏళ్లలోనే రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది.

అదే అధ్యయనంలో బస్సు, రైలు అభిమానులు సాధారణంగా చెప్పుకోని మాట కూడా ఒకటుంది. ప్రజారవాణా పెంచినంత మాత్రాన రోడ్ల మీద వాహనాల తిరుగుడు తగ్గినట్టూ కనబడలేదు. కొందరు రైలుకు మారగానే ఆ ఖాళీలోకి ఇంకొందరు కార్లతో వస్తారు, తర్కం అదే. కాబట్టి "మెట్రో వస్తే ట్రాఫిక్ తగ్గుతుంది" అన్న హామీని నమ్మకపోవడం మంచిది. మెట్రో వల్ల లాభం రోడ్డుకు కాదు, రోడ్డు దిగి మెట్రో ఎక్కినవాళ్లకు.

అయితే ఒకే వెడల్పు దారిలో ఎంతమందిని దాటించవచ్చన్న దగ్గర తేడా చాలా పెద్దది. అమెరికాలోని నగర రవాణా అధికారుల సంఘం నాక్టో అంచనా ప్రకారం మామూలు నగర వీధిలో ఒక లేన్ మీద సొంత వాహనాల్లో గంటకు 600 నుంచి 1,600 మంది దాటగలరు. అదే లేన్‌ను బస్సులకే కేటాయిస్తే 4,000 నుంచి 8,000 మంది. ఆఫీసు వేళల్లో చాలా కార్లలో డ్రైవరు ఒక్కరే ఉంటారు కాబట్టి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. కానీ బస్సు లేన్ దూరానికి ఖాళీగా కనిపిస్తుంది. యాభై మందితో బస్సు పోయాక మరో బస్సు వచ్చేదాకా అక్కడ ఏమీ ఉండదు. పక్క లేన్లో కారులో ఇరుక్కున్నవాళ్లకు ఆ ఖాళీ కంటగింపుగా ఉంటుంది, దాంతో రాజకీయ ఒత్తిడి వచ్చి లేన్ ఎత్తేస్తారు.

నిజంగా రోడ్డు రద్దీని తగ్గించినవి, నగరం నడిబొడ్డులోకి వచ్చే వాహనాల మీద వేసే రద్దీ వేళ రుసుములే. సింగపూర్ 1975లో, లండన్ 2003లో, స్టాక్‌హోమ్ 2006లో మొదలుపెట్టాయి, స్టాక్‌హోమ్‌ది మొదట కొన్ని నెలల ప్రయోగం. స్టాక్‌హోమ్‌లో రుసుము గీత దాటే వాహనాలు సుమారు ఐదో వంతు తగ్గాయి. ప్రయోగం ఆపగానే చాలావరకు తిరిగొచ్చాయి, 2007లో శాశ్వతం చేశాక మళ్లీ తగ్గాయి. ఇందులో శివారువాసులు గమనించాల్సిన సంగతి వేరే ఉంది. రుసుము మొదలవడానికి నెలల ముందే, 2005 ఆగస్టు చివర నుంచే, అక్కడ అదనపు బస్సులు నడిపారు. వేరే దారి చూపకుండా రుసుము వేస్తే అది శివారులో ఉన్నందుకు వేసిన జరిమానా అయిపోతుంది.

ఇల్లు ఒక కొస, పార్కింగ్ ఇంకో కొస

దిగే కొసన కారును నిలబెట్టేది పార్కింగే. ఆఫీసులో ఉచితంగా చోటిస్తే కారుకు జీతంతో పాటు భత్యం ఇచ్చినట్టే లెక్క. డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు జీవితమంతా ఈ ఒక్క విషయం మీదే పనిచేశాడు. పార్కింగ్ వద్దనుకునే ఉద్యోగికి ఆ ఖర్చు నగదుగా ఇవ్వాలని కాలిఫోర్నియా 1992లో చట్టం చేసింది. దాన్ని పాటించిన ఎనిమిది సంస్థలను షూప్ పరిశీలిస్తే, ఒంటరిగా కారులో వచ్చేవాళ్లు 76 శాతం నుంచి 63 శాతానికి తగ్గారు. కొత్త రైలు లేదు, కొత్త రోడ్డు లేదు. అప్పటిదాకా కనిపించని ఖర్చు కనిపించింది, అంతే.

ఎక్కే కొసన సైకిలు చేసే పని చాలామంది ఊహకు అందదు. పది నిమిషాల్లో మనిషి 800 మీటర్లు నడుస్తాడు, సైకిలు మీద రెండున్నర కిలోమీటర్లు తేలిగ్గా పోతాడు. దూరం మూడు రెట్లే, కానీ స్టేషన్ చుట్టూ విస్తీర్ణం రెండు చదరపు కిలోమీటర్ల నుంచి దాదాపు ఇరవైకి పెరుగుతుంది. నెదర్లాండ్స్‌లో రైలెక్కేవాళ్లలో సుమారు సగం మంది స్టేషన్‌కు సైకిలు మీదే వస్తారు. ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే పార్కింగ్ 2019లో పూర్తయింది. కార్లకు ఇదే పని చేయబోతే స్థలం చాలదు. దారితో కలిపి ఒక్కో కారుకు పాతిక చదరపు మీటర్లు వేసుకున్నా వెయ్యి కార్లకు రెండున్నర హెక్టార్లు కావాలి. వెయ్యి మంది అంటే ఒక్క రైలు నిండదు. పైగా ఆ స్థలం స్టేషన్‌కు ఆనుకుని, నడిచి వచ్చేవాళ్ల ఇళ్లు ఉండాల్సిన చోటు.

కొసలు రెండింటినీ కలిపి ఆలోచించినవాళ్లలో స్విట్జర్లాండ్ ముందుంటుంది. 1982 నుంచి అక్కడ రైళ్లు ప్రతి గంటా అదే నిమిషానికి వస్తాయి. 1987లో ప్రజలు ఓటేసి ఆమోదించిన 'రైలు 2000' పథకం దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. పెద్ద స్టేషన్లలో రైళ్లన్నీ గంట కొట్టే వేళకో అరగంటకో కాస్త అటూఇటూగా వచ్చి చేరతాయి, బయట ఊరి బస్సులు వాటి కోసం నిలబడి ఉంటాయి, జనం మారాక అన్నీ బయల్దేరతాయి. అక్కడ రైలు ఎంత వేగంగా పోవాలన్నది కూడా ఈ కలయికను బట్టే నిర్ణయించారు. అరగంటకు ముందే చేరి ఊరికే ఆగడం వల్ల లాభం లేదు మరి.

ఏ ఏర్పాటూ లేనిచోట ఖాళీని ఎవరో ఒకరు నింపుతారు. మనీలాలో జీప్నీలు, నైరోబీలో మటాటులు అనే ప్రైవేటు బండ్లు, ఇంకెన్నో నగరాల్లో షేర్ ఆటోలు చేస్తున్నది ఈ పనే. చెయ్యెత్తిన చోట ఆగుతాయి, సందుల్లోకి వస్తాయి. నిండితే గానీ కదలవు, రాత్రి పొద్దుపోతే కనిపించవు. పెద్ద కంపెనీలు నడిపే బస్సులు ఇంకో దారి. అవి కంపెనీ ఉద్యోగులకు చాలా మేలు చేస్తాయి. అదే భవనంలో ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు మాత్రం తెల్లవారుజామునే వేరే బస్సు వెతుక్కోవాలి.

రవాణా పటాల్లో సరిగా పడని ప్రయాణికులు ఇలా చాలామంది ఉన్నారు. పటాలన్నీ శివారు నుంచి నగరం నడిబొడ్డుకు గీసినవి. ఉద్యోగాలు మాత్రం ఎప్పుడో నడిబొడ్డు దాటి ఇతర శివార్లలోకి వెళ్లిపోయాయి. పక్క శివారుకు వెళ్లాలంటే నగరం మధ్యకు పోయి వెనక్కి రావాలి. ఇక పిల్లల్ని బడిలో దింపి, ఆఫీసుకు వెళ్లి, వచ్చేటప్పుడు మందులో కూరగాయలో తీసుకుని ఇంటికి చేరే ప్రయాణాలు ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడతాయి. నాలుగు చోట్ల ఆగే ఆ ప్రయాణంలో బస్సు మారిన ప్రతిసారీ ఎదురుచూపు కొత్తగా మొదలవుతుంది. అందుకే స్కూటరో కారో కొనగానే వాళ్లు బస్సు వదిలేస్తారు, ఇందులో దుబారా ఏమీ లేదు.

ఇంత కష్టమని తెలిసీ దూరంగా ఇల్లెందుకు తీసుకుంటారు? అద్దె కాగితం మీద కనిపిస్తుంది, పోయే గంటలు కనిపించవు. 2008లో స్టట్జర్, ఫ్రై అనే ఆర్థికవేత్తలు జర్మనీ సర్వేలను పరిశీలిస్తే, ఎక్కువసేపు ప్రయాణించేవాళ్లు జీవితంతో తక్కువ తృప్తిగా ఉన్నట్టు తేలింది. పెద్ద ఇల్లు, ఎక్కువ జీతం ఆ లోటును పూడ్చలేకపోయాయి. ఇంట్లో అదనపు గది మూడు నెలల్లో అలవాటైపోతుంది. జామ్ అలవాటు కాదు, ఎందుకంటే అది రోజుకో తీరుగా ఉంటుంది.

అలవాటు ఇంకో రకంగానూ పనిచేస్తుంది. 2014 ఫిబ్రవరిలో లండన్ భూగర్భ రైళ్లలో రెండు రోజుల సమ్మె జరిగింది. చాలామంది తప్పక వేరే దారుల్లో వెళ్లారు. సమ్మె ముగిశాక సుమారు ఐదు శాతం మంది పాత దారికి తిరిగి రాలేదని తర్వాత ఒక అధ్యయనం చూపింది. రోజూ పోయే దారి కన్నా మంచిది పక్కనే ఉన్నా, రైళ్లు ఆగేదాకా వాళ్లు వెతకలేదు. మామూలు రోజుల్లో జనం దారి మార్చేది ఇల్లు మారినప్పుడు, ఉద్యోగం మారినప్పుడు. కొత్త శివారులోకి కుటుంబాలు దిగిన మొదటి కొన్ని నెలలే ఆ అవకాశం. అప్పటికి బస్సు లేకపోతే అప్పుచేసైనా బండి కొంటారు. కొన్నాక వాయిదాలు కడుతూ దాన్ని ఇంట్లో పెట్టి బస్సెక్కరు. జనం చేరాక బస్సు వేద్దామని రవాణా సంస్థ, బస్సు ఉంటే చేరదామని జనం అనుకునే చోట మొదటి అడుగు సంస్థే వేయాలి. కోపెన్‌హాగెన్‌లో ఓరెస్టాడ్ అనే కొత్త ప్రాంతానికి 2002లో మెట్రో వచ్చేసరికి అక్కడ చాలావరకు ఖాళీ భూమే ఉంది. కొన్నాళ్లు రైళ్లు ఎవరూ దిగని స్టేషన్లలో ఆగి వెళ్లాయి. ఇళ్లు తర్వాత లేచాయి.